అనుకోని డబ్బు వస్తే... శుక్రాచార్యులు చెప్పిన ఐదు వాటాలు



2023 జూలై నెలాఖరులో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమాటా 200 రూపాయల దాకా పలికింది. పెద్దపంజాణి, పుంగనూరు వైపు ఆ టైముకి కాయ చేతికొచ్చిన రైతుకి అది ఏళ్ల నాటి అప్పు తీర్చే డబ్బు. సెప్టెంబరుకల్లా రేటు కుప్పకూలింది. లక్ష్మి వచ్చినంత వేగంగానే వెళ్ళిపోతుంది!

రేపు మీ అకౌంట్లో అలా డబ్బు పడితే? బోనస్ కావచ్చు, ఊళ్లో స్థలం అమ్మిన వాటా కావచ్చు. ముందు గుర్తొచ్చేది కొత్త ఫోనా, తాకట్టులో ఉన్న అమ్మ గొలుసా?

భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యులవారు బలి చక్రవర్తికి ఒక లెక్క చెప్తారు. సంపదని ఐదు భాగాలు చెయ్యాలి: ధర్మానికి, కీర్తికి, మళ్ళీ సంపాదనకి, సుఖానికి, సొంతవాళ్ళకి. చూశారా, సుఖానికీ వాటా ఉంది. కాకపోతే ఒక్క వాటానే!

ధర్మం అంటే బోయకొండ గంగమ్మకి మొక్కు తీర్చడం ఒక్కటే కాదు. ఎండలో మన కాయలు కోసిన కూలీ బిడ్డకి కాలేజీ ఫీజు కట్టడం కూడా.

ఇంకో మాట. గురువు ఆ లెక్క చెప్పింది వామనుడికి దానం ఇవ్వకుండా ఆపడానికి. బలి మాత్రం ఇచ్చిన మాటే ముందు అన్నాడు. అప్పు కూడా మనం ఇచ్చిన మాటే కదండీ! అది తీర్చాకే ఐదు వాటాలు.

ఆ వాటాలు ఈరోజే కాగితం మీద రాసుకోండి. డబ్బు చేతికొచ్చాక మనసు మాట వినదు.

శుభమస్తు!