మాట్లాడనివారి వాటా

సభలో సభ్యుడై ఉండి నోరు విప్పనివాడు ఆ సభకు ఏమైనా బాకీ పడ్డట్టా? పైకి చిన్న ప్రశ్నే. కాని మా హోసూరులో పాత నాణేలు పోగుచేసేవాళ్ళం పాతికమందిమి నెలకొకసారి కలుసుకునే చోట ఇది తీర్మానం రూపంలో మా ముందుకు వచ్చింది. వరుసగా మూడు సమావేశాల్లో ఒక్క మాటా మాట్లాడని, ఒక్క నాణెమూ చూపించని సభ్యుణ్ణి జాబితానుంచి తీసివేయాలన్నది ఆ తీర్మానం.

ప్రతిపాదించినాయన చెడ్డవాడేమీ కాదు. ఎక్కడెక్కడినుంచో పుస్తకాలు తెప్పించుకుని, రాత్రిళ్ళు చదివి, వచ్చి మాకు చెప్పే మనిషి. ఆయన బాధ ఆయనది. ‘చెప్పేవాళ్ళం నలుగురం, వినేవాళ్ళు ఇరవైమంది. మేము వండి వడ్డించడం, వాళ్ళు తిని చెయ్యి కడుక్కుని పోవడం. ఇదేం న్యాయం?’ అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం లేదని నేను అనను. ఊళ్ళో చెరువు పూడిక తీసేటప్పుడు ఇంటికొక మనిషి రావాలన్నది మన పెద్దల పద్ధతే కదా.

అయితే మాట్లాడటం పూడిక తీయడం లాంటి పనేనా అన్నదగ్గరే నాకు అనుమానం వస్తుంది.

నేను కామర్స్ చదివినవాణ్ణి, ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఏ సంగతి వచ్చినా జమాఖర్చుల లెక్కలోకి దించి చూడటం నాకు అలవాటైపోయింది, పాఠకులు మన్నించాలి. బ్యాంకులో రోజూ కనిపించే మనుషులు ఎవరు? అప్పు తీసుకున్నవాళ్ళు, తీసుకోబోయేవాళ్ళు. మేనేజరు గదిలో కుర్చీ వాళ్ళదే, గొంతూ వాళ్ళదే. కాని వాళ్ళకిచ్చే డబ్బు ఎవరిది? ఎప్పుడో వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, రసీదు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయిన పెద్దమ్మలది, రిటైరైన మాస్టర్లది. ఏడాదికోసారి కూడా వాళ్ళ ముఖం మాకు కనిపించదు. బ్యాంకు నిలబడింది ఈ మౌనుల డబ్బు మీద. ఆ సంగతి కౌంటరు ముందు గుంపును చూసి తెలుసుకోలేం, బ్యాలెన్స్ షీటు చూస్తేనే తెలుస్తుంది.

రెండేళ్ళకు పైగా ఖాతాదారు ఏ లావాదేవీ జరపకపోతే ఆ ఖాతాను మేము పనిచేయని ఖాతాగా గుర్తిస్తాం. పదేళ్ళు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పాటు చేసిన నిధికి వెళుతుంది. అప్పుడైనా అది ఖాతాదారుదే. ఆయనో, ఆయన వారసులో వచ్చి అడిగితే ఇవ్వవలసిందే. అంతకన్నా ముఖ్యం, అలా నిద్రపోతున్న ఖాతాకు కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ఇది. పొదుపు ఖాతా అయితే వడ్డీ కూడా ఎప్పటిలాగే జమ చేస్తూ ఉండాలి. పైగా ఆ ఖాతాదారు ఎక్కడున్నాడో, ఏమయ్యాడో వెతకవలసిన బాధ్యత బ్యాంకుదే. లాభనష్టాలు తప్ప ఇంకేమీ పట్టవని పేరున్న మా వ్యాపారంలోనే మౌనానికి ఇంత మర్యాద ఉంటే, సరదాకోసం కూడుకున్న మనం జరిమానా వేస్తామా?

సరే, ఇది లెక్కల మాట. ధర్మం మాట వేరు. మౌనం అర్ధాంగీకారం అంటారు. కౌరవసభలో ద్రౌపది ప్రశ్న వేసినప్పుడు పెద్దలు పలకకపోవడం తప్పే. తెలిసీ నోరు విప్పని సభాసదులకు పాపంలో భాగముందని విదురుడు ఆ సభలోనే చెప్పాడు. కాని ఆ మాటను ఎక్కడ పడితే అక్కడికి ఈడ్చుకురాకూడదు. అక్కడ ఒకరికి అన్యాయం జరుగుతున్నది, అడ్డుకునే మాట అడ్డుకోగలవారి దగ్గర ఉన్నది. అక్కడ మౌనం బాకీయే. నాణేలు చూసి సంతోషించడానికి వచ్చినచోట నా మౌనంవల్ల ఎవరి చీరా ఊడిపోదు.

ఆ కథలోనే మనకు పనికొచ్చే భాగం ఇంకొకటుంది, దాన్ని ఎవరూ అంతగా తలుచుకోరు. పెద్దలందరూ తలవంచుకున్నప్పుడు కౌరవుల్లోనే చిన్నవాడు వికర్ణుడు లేచి న్యాయం మాట్లాడాడు. వెంటనే కర్ణుడు, నువ్వు కుర్రవాడివి, నీకేం తెలుసని వాణ్ణి కసిరాడు. ఒక సభలో జనం ఎందుకు మాట్లాడరో తెలుసుకోవాలంటే, మొదట మాట్లాడినవాడికి ఏం జరిగిందో చూడాలి. నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి కీలకం అదే.

మా గదిలో ఏం జరుగుతున్నదో చెబుతాను. మా ఊరు 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. మాలో సగంమంది ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో అదీ ఇదీ కన్నడమూ కలిపి బతికినవాళ్ళం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరవాత మా పిల్లలకు తెలుగు అక్షరం ఇంకా దూరమైంది. ఆ చట్టం మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. నా విషయమల్లా ఇంట్లో ధారాళంగా మాట్లాడే మనిషి నలుగురిలోకి రాగానే ‘మాది వట్టి ఇంటి తెలుగు సార్, మీ ముందర ఏం మాట్లాడేది?’ అని వెనక్కి తగ్గడం. బరంపురంలోనో బళ్ళారిలోనో షోలాపూరులోనో ఈ పత్రిక చదివేవారికి ఈ మాట కొత్త కాదనుకుంటాను. ఏ పల్లెటూరి మాటో దొర్లితే ఆంధ్రానుంచి వచ్చిన బంధువు నవ్విన నవ్వు మనలో చాలామందికి గుర్తే. ఆ నవ్వు విన్నవాడు మళ్ళీ పదేళ్ళదాకా నోరు తెరవడు.

దీనికి తోడు మా శాస్త్రం భాష ఒకటి. చదువుకున్నవాళ్ళు నాణేన్ని పట్టుకుని ఆబ్వర్స్ అంటారు, రివర్స్ అంటారు. మనకు బొమ్మా బొరుసూ ఉన్నాయి కదా! కాని ఒకసారి ఆ ఇంగ్లీషు మాట గదిలో తిరిగాక, బొమ్మ అన్నవాడు చిన్నపిల్లవాడిలా కనిపిస్తాడు. నాణెం గురించి తెలియక కొందరు ఊరుకున్నారని మనం అనుకుంటాం. వాళ్ళకు నాణెం బాగానే తెలుసు, దానికి మనం పెట్టిన పేరే తెలియదు. విచిత్రమేమిటంటే, మేమందరం మోజుపడే నాణెం ఒకటుంది. 1808 ప్రాంతంలో మద్రాసు టంకసాలలో వేసిన వెండి పావు వరహా. ఒకవైపు గోపురం, చుట్టూ ఇంగ్లీషు, పారసీ అక్షరాలు. రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు. నాలుగు లిపులు ఒక చిన్న వెండి బిళ్ళమీద సర్దుకున్నాయి. వ్యాపారం చేసుకోవడానికి వచ్చిన కుంపిణీవారికి కూడా, చేతిలోకి తీసుకునేవాడు చదవగలిగే అక్షరం నాణెంమీద ఉండాలని తోచింది.

మాలో ఒక పెద్దాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రెండేళ్ళపాటు వెనక వరుసలో కూర్చుని లేచి వెళ్ళేవాడు. తీర్మానం నెగ్గి ఉంటే మొదట పోవలసిన పేరు ఆయనదే. ఒక నెల ఐదు పైసలను నలుచదరంగా ఎందుకు వేశారన్న చర్చ వచ్చింది. పుస్తకంలో ఉన్నదంతా చదివి వినిపించారు. టీ తాగేటప్పుడు కాలేజీలో చదివే కుర్రవాడొకడు ఆయన పక్కన నిలబడి, ‘తాతా, రాత్రి బస్సులో దీపం లేకుంటే చిల్లర ఎట్లా ఇచ్చేవాళ్ళు?’ అని అడిగాడు. అంతే, పది నిమిషాలు ఆపకుండా చెప్పాడాయన. నాలుగు మూలలు తగిలితే ఐదు పైసలు, ఆరు మూలలుంటే మూడో ఇరవయ్యో, ఆ రెండింటికీ తేడా సైజులో. పూరేకుల్లాగా అంచు తగిలితే రెండు గానీ పది గానీ. బొటనవేలితో అంచు ఒకసారి తిప్పితే చాలు, చూడనక్కరలేదు. అల్యూమినియం తేలిక కాబట్టి సంచి బరువు తగ్గింది గాని, పాత నాణేల గలగల పోయిందట. రూపాయి మంచిదో కాదో ఆ చప్పుడుతోనే చెప్పేవాళ్ళమన్నాడు. ఈ సంగతి మా పుస్తకాల్లో లేదు. పాతిక పైసలు, అంతకన్నా చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. వాటిని వేళ్ళతో చదివిన మనుషులు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఆ కుర్రవాడు తరవాత చేసిన పని నాకింకా నచ్చింది. ‘ఈ సంగతి వచ్చే నెల నేను సభలో చెప్పనా తాతా, నువ్వు చెప్పినట్టు?’ అని అనుమతి అడిగాడు. సరేనన్నాడాయన. వచ్చే నెల వీడు ముందు నిలబడి చెబుతూ ఏదో తప్పు చెప్పాడు. వెనకనుంచి ‘అట్ల కాదప్పా’ అని గొంతు లేచింది. ఆ రోజు మిగిలిన సభ అంతా ఆయనదే.

ఇది చూసి అందరినీ ఇలాగే మాట్లాడించవచ్చు అనుకుంటే పొరపాటు. పేరు పెట్టి పిలిచి, ‘మీరూ రెండు మాటలు చెప్పండి’ అనడం చాలా సభల్లో మర్యాదగా చలామణీ అవుతున్నది. నాకది సాహసంగా కనిపిస్తుంది. ఇరవైమంది తల తిప్పి చూస్తుండగా ఒకణ్ణి లేపి నిలబెట్టడం ఆదరణ కాదు. అడగదలుచుకుంటే అడిగే చోటు వేరు, అడిగే ప్రశ్న వేరు. ఆ మనిషికి మాత్రమే తెలిసినది, తప్పయితే నవ్వుబాటు కానిది, చెప్పకపోయినా ఫరవాలేనిది అడగాలి. మా సభకు భర్తతో వచ్చే ఒకావిడ ఉంది. కాసులపేరు గురించి ఆవిడను ఏం అడిగినా ఆయనే జవాబు చెబుతాడు. అక్కడ మాట్లాడించవలసింది ఆవిడను కాదు, ఊరుకోబెట్టవలసింది ఆయన్ని!

తీర్మానం తెచ్చినాయన ఇంకొక మాట కూడా అన్నాడు. దాన్ని తోసివేయలేం. ఒక వ్యాపారి ఉన్నాడు. వచ్చి మూలన కూర్చుని, ఎవరి దగ్గర ఏ నాణెం ఉందో విని, తరవాత ఒంటరిగా ఇంటికి వెళ్ళి ధర తెలియనివాళ్ళ దగ్గర చవకగా కొనుక్కుపోతాడు. ఇతని మౌనం మౌనమేనా? కాదు, అది మాటువేయడం. కాని మూడు నెలలకొక మాట మాట్లాడాలని నియమం పెడితే ఎవరు పోతారు? వ్యాపారి లేచి ‘బాగుంది సార్, చాలా బాగుంది’ అని కూర్చుంటాడు. ఇంటి తెలుగువాడే వెళ్ళిపోతాడు. వ్యాపారి సంగతి చూడవలసింది అతను చేసిన కొనుగోళ్ళలో. ధర చెప్పకుండా సభ్యుల మధ్య కొనకూడదని వేరే నియమం పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాం కూడా.

ఇక వడ్డించేవాడు, తినేవాడు అన్న పోలిక. వినడం ఉత్త తినడమేనా? అష్టావధానం చూసినవారికి తెలుసు, పృచ్ఛకుల్లో ఒకరి పని గంట కొట్టడం. ఆయన సమస్య ఇవ్వడు, దత్తపది ఇవ్వడు. మధ్య మధ్య గంట మోగిస్తాడు, ఎన్నిసార్లు మోగిందో అవధాని లెక్క చెప్పాలి. ఆయన మాట్లాడలేదని పృచ్ఛకుడు కాకుండా పోతాడా? అలాగే మా జమాఖర్చుల్లో ఒకవైపు పద్దు పడితే రెండోవైపు పడి తీరాలి. చెప్పినవాడి పద్దుకెదురుగా విన్నవాడి పద్దు లేకపోతే ఆ చిట్టా ఎక్కడికక్కడే ఆగిపోతుంది. రాత్రిళ్ళు చదివి వచ్చి చెప్పే మా మిత్రుడికి ఆ ఇరవైమందీ రాకపోతే చదవాలనే అనిపించదు. ఇది ఆయనతోనే అన్నాను. ఒప్పుకోలేదు. ‘రేపు అందరూ వింటామనే వస్తే?’ అన్నాడు. ఆ భయం నాకూ కొంచెం ఉంది. కాని నేను చూసినంతలో, మాట్లాడటానికి ఉవ్విళ్ళూరేవాళ్ళకు ఏ సభలోనూ కరువు రాలేదు.

తీర్మానాన్ని వోటుకు పెట్టకుండా పక్కన పెట్టాం. దానికి బదులు కొన్ని చిన్న మార్పులు చేశాం. మొదటి అరగంట ఉపన్యాసం లేదు. నాణేలు బల్లమీద పరిచి, టీ పక్కన పెట్టుకుని ఎవరికి తోచిన భాషలో వాళ్ళు ఇద్దరు ముగ్గురుగా మాట్లాడుకుంటారు. ఎవరి మాటా, ఉచ్చారణా అక్కడే దిద్దకూడదు. చూపించదలుచుకున్నవాడు మాట్లాడకుండా చూపించి వెళ్ళవచ్చు. ఈ ఏర్పాటు వల్ల కొత్తగా ముగ్గురు నోరు విప్పారు. ఇద్దరు రావడం మానేశారు. వాళ్ళలో ఒకరు బాగా మాట్లాడేవారే.

దర్జీ పని చేసే సభ్యుడొకాయన మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. అందరికన్నా ముందు వచ్చి కుర్చీలు వేస్తాడు, భూతద్దం తుడిచి బల్లమీద పెడతాడు, చివరిదాకా వింటాడు, వెళతాడు. పోయిన నెల కాగితంలో చుట్టి ఒక చిల్లికాణీ తెచ్చాడు. 1943 తరవాత యుద్ధంలో రాగి ఆదా చేయడానికి నడిమధ్య చిల్లుపెట్టి వేసిన నాణెం, అణాలో నాలుగోవంతు. బల్లమీద పెట్టి తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ చిల్లులో నల్లదారం ముక్క ఒకటి ఇంకా ఉంది. ఏ పిల్లవాడి మొలకో కట్టింది అయివుంటుంది. దాని కథ ఏమిటని ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగవలసిన తీరు ఏదో ఆ కాలేజీ కుర్రవాడికి నాకన్నా బాగా తెలుసు. వాడు పరీక్షలై తిరిగి రావాలి.