వెంట పుట్టినదంతా సహజమేనా?

సహజమంటే వ్యుత్పత్తిని బట్టి ‘వెంట పుట్టినది’. వ్యవహారంలో మాత్రం ఆ మాట ‘ఉండవలసిన తీరు’ అనే అర్థానికి జరిగింది. చేతిలో వచ్చే వీనస్ మాల్‌ఫార్మేషన్ ఈ రెండర్థాలనూ విడదీసి చూపుతుంది. రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరల గోడలలో కండరపు పొర పిండదశలోనే సరిగా ఏర్పడక, అవి వదులై అల్లుకుపోవడమే ఈ లోపం. చేయి కిందికి వేలాడితే నీలంగా ఉబ్బి, పైకెత్తితే కుంచించుకుపోయే ఆ మెత్తని వాపు, 1982లో మల్లికెన్, గ్లొవాకీ అనే పరిశోధకులు చేసిన వర్గీకరణను బట్టి, కణాలు అతిగా వృద్ధిచెందే హీమాంజియోమాకు భిన్నమై, బిడ్డతోపాటే పెరుగుతుంది.

దీనికి బాధ్యులెవరన్న ప్రశ్న పాతదే. సుశ్రుతసంహిత వ్యాధులను ఏడు విధాలుగా విభజించి, తల్లిదండ్రుల శుక్రశోణిత దోషాల వల్ల కలిగేవాటిని ఆదిబలప్రవృత్తాలని, గర్భిణి నడవడి వల్ల కలిగేవాటిని జన్మబలప్రవృత్తాలని అన్నది. కర్మసిద్ధాంతం పూర్వజన్మను చూపింది. అయితే ఈ లోపం చాలామందిలో గర్భం నిలిచాక పిండంలోని ఒక కణపు జన్యువులో కలిగిన మార్పు వల్ల వస్తుంది కనుక, వంశాన్ని నిందించడానికీ, గ్రహణంనాడు తల్లి కదిలిందని తప్పుపట్టడానికీ ఆధారం లేదు.

మందు ఎక్కించి సిరను మూసివేసే స్క్లెరోథెరపీ చాలనిచోట శస్త్రచికిత్స చేస్తారు. జబ్బకు టూర్నికే అనే పట్టీ బిగించి రక్తప్రవాహాన్ని ఆపుతారు గాని, చేతిలోని రక్తాన్ని పూర్తిగా పిండివేస్తే లోపమున్న సిరలు ముడుచుకొని ఆనవాలు దొరకవు గనుక, కొంత నిలిపి ఉంచే పద్ధతి ఉంది. భూతద్దాల కళ్లజోడుతో చూస్తూ స్పర్శను తెలిపే వేలి నాడులను సిరల అల్లిక నుంచి విడదీస్తూ పోయి, విడదీయరానిచోట, మళ్లీ ఉబ్బవచ్చునని తెలిసే, ఆ భాగాన్ని వదిలేస్తారు.

సుశ్రుతుడు శస్త్రచికిత్సలో వాడే 101 యంత్రాలను లెక్కించి, తక్కినవన్నీ దాని అధీనమే కనుక హస్తమే ప్రధాన యంత్రమన్నాడు. యంత్రానికి మంచిచెడ్డలు పుట్టుకను బట్టి కాక పనిని బట్టి తేలుతాయి. పట్టును చెరిపేది వెంట పుట్టినదైనా తీసివేయదగినదే. వికృతమని పేరుపడ్డదైనా నాడిని పెనవేసుకొని ఉంటే ఉండనివ్వదగినదే. అన్నం కలిపే వేళ్లకు ముందుగా కావలసింది ఆ అన్నం వేడి తెలియడం.