కేంద్రం లేని సహకారం: కోడ్ భాండాగారాల స్వయంనిర్వహణపై ఒక నైతిక పరిశీలన

పలువురి శ్రమతో రూపొందిన రచనను భద్రపరిచే చోటు పరాధీనమైనప్పుడు ఆ రచన వారిదేనని చెప్పవచ్చునా? సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ ప్రశ్న 2005లో తీవ్రరూపం దాల్చింది. లినక్స్ కెర్నల్ నిర్మాతలు అప్పటికి కొన్నేళ్లుగా బిట్‌కీపర్ అనే వాణిజ్య ఉపకరణాన్ని ఉచితంగా వాడుకుంటున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఉచిత వినియోగానికి అనుమతి రద్దయింది. ఆ అవసరంలో నుండే లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ పుట్టింది.

గిట్‌లో ప్రతి సభ్యుని యంత్రంలోనూ ప్రోగ్రాం పాఠంతో పాటు దాని మార్పుల చరిత్ర అంతా ఉంటుంది. ప్రతి మార్పుకూ, దాని విషయాన్నీ అంతకు ముందరి మార్పునూ ఆధారం చేసుకొని గణించిన గుర్తింపు సంకేతం ఉంటుంది. పాత పాఠంలో ఒక్క అక్షరం మారినా ఆపై సంకేతాలన్నీ మారిపోతాయి. వ్రాతప్రతులను పరిష్కరించే పండితునికి ఈ పద్ధతి కొంత పరిచితంగానే తోస్తుంది. ఒక ప్రతి శిథిలమైతే మరొకటి ఆధారమవుతుంది. ప్రతులను సరిపోల్చినప్పుడే ప్రక్షిప్తం బయటపడుతుంది. పాఠరక్షణకు ప్రతుల బాహుళ్యమే ఆధారమన్న సూత్రం రెండింటా ఒకటే.

ఇట్లు కేంద్రం అక్కరలేని ఉపకరణం చుట్టూనే బలమైన కేంద్రం ఏర్పడింది. 2008లో ఆరంభమైన గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియా ప్రాంతాల వినియోగదారులకు అందులోని ప్రైవేటు భాండాగారాలు అందకుండా పోయాయి. 2021లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించిన పిదప ఇరాన్‌కు సేవలు పునరుద్ధరింపబడ్డాయి. ఇందులో సంస్థ దురుద్దేశాన్ని వెదకనక్కరలేదు. సంస్థ ఉన్న దేశపు శాసనం, ఆ శాసన నిర్మాణంలో ఏ పాత్రా లేనివారి శ్రమను కూడా కట్టివేయగలదన్నదే గమనింపదగిన అంశం.

కోడ్ ప్రతి సభ్యుని చెంతనే ఉండగా నష్టమేమిటన్న ప్రశ్న సహజం. దోషాల నమోదు, మార్పులపై వాదప్రతివాదాలు, ఒక మార్పును తిరస్కరించడానికి గల కారణాలు సాధారణంగా గిట్ చరిత్రలో చేరవు. అవి వేదిక సర్వర్‌లో ఉంటాయి. మూలం మిగిలి వ్యాఖ్యానం నశించిన గ్రంథానికి పట్టే గతే ఇట్టి కృతికీ పడుతుంది. ఏమి వ్రాశారో తెలుస్తుంది, ఎందుకు వ్రాశారో తెలియదు.

కనుక స్వయంనిర్వహణే పరిష్కారమని కొందరి వాదం. డెబియన్ బృందం సల్సా అనే సొంత సర్వర్‌ను నడుపుకొంటున్నది. బెర్లిన్‌లో సభ్యుల సంఘంగా నమోదైన కోడ్‌బెర్గ్ లాభాపేక్ష లేకుండా భాండాగారాలకు చోటిస్తున్నది. అయితే దీనికి బలమైన పూర్వపక్షం ఉన్నది. సర్వర్ రక్షణ, నకళ్ల భద్రత, చొరబాట్ల నివారణ కొద్దిమంది స్వచ్ఛంద సేవకుల భుజాలపై పడతాయి. సర్వర్ తాళం చేతిలో ఉన్నవాడు తానే చిన్న ప్రభువు కావచ్చును. చోటు చోటునా వేరే ఖాతా తెరవవలసిన కొత్తవాడు గుమ్మం వద్దనే ఆగిపోవచ్చును.

2011 ఘటన ఈ చర్చకు ఒక ఒరిపిడిరాయి. ఆ ఏడాది ఆగస్టులో కెర్నల్ బృందపు సొంత సర్వర్లలో చొరబాటు బయటపడగా, అవి కొంతకాలం మూతపడ్డాయి. ఆ వ్యవధిలో టోర్వాల్డ్స్ తన భాండాగారాన్ని గిట్‌హబ్‌లోనే ఉంచారు. అనేక యంత్రాలలో ఉన్న ప్రతుల వలన పాఠాన్ని గుట్టుగా మార్చడం సాధ్యం కాదన్న భరోసా నిలిచింది. చర్చలు ఈమెయిల్ ద్వారా సాగే సంప్రదాయం వలన వాటి ప్రతులు కూడా పలువురి వద్ద ఉన్నాయి. బృందం వేదికను ఆశ్రయించింది, దానికి బందీ కాలేదు. పని ముగియగానే సొంత చోటికి మరలింది.

దీనిని బట్టి స్వేచ్ఛకు కొలమానం సర్వర్ యాజమాన్యం కాదు, నిష్క్రమణ సామర్థ్యం. కృతినీ దాని వెనుకనున్న సంభాషణనూ వెంట తీసుకొని వెళ్లగలిగిన బృందమే తన శ్రమకు స్వామి. ఆ సామర్థ్యానికి మూల్యం ఉన్నది. నకళ్లు తీయడం, చర్చలను భద్రపరచడం అనే విసుగు పుట్టించే పనులను ఎవరో ఒకరు చేయాలి. ఆ పనిని పంచుకోకుండా స్వాతంత్ర్యాన్ని మాత్రం కోరే సభ్యుడు, తాను విమర్శించే పరాధీనతనే మరొక రూపంలో పోషిస్తున్నాడు.