రెండో మనిషి

లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఒక పెద్ద నమూనా ఉంది. దాదాపు 400 చదరపు అడుగుల నేల, దానిమీద 75,000 దాకా తగరం, సీసం కలిపి పోసిన సిపాయి బొమ్మలు. ఒక్కో బొమ్మ ఎత్తు సెంటీమీటరు. 1815 జూన్ 18 సాయంత్రం ఏడు దాటాక, నెపోలియన్ తన ఇంపీరియల్ గార్డ్ దళాన్ని ఆఖరిసారి శత్రువు నిలిచిన గట్టు మీదికి పంపిన ఘడియలో వాటర్లూ యుద్ధరంగం ఎలా ఉందో చూపాలని విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ లెఫ్టినెంట్ కట్టించాడు. ఆయన ఆ యుద్ధంలో లేడు. బహుశా అందుకే అంత పట్టు పట్టాడు.

1830లో పై అధికారులు పని అప్పగించాక బెల్జియం వెళ్లి, యుద్ధం నడిమధ్య నలిగిన లా హే సాంత్ అనే రైతు లోగిట్లోనే ఎనిమిది నెలలు మకాం వేశాడు. గట్లూ పల్లాలూ కొలిచాడు. అప్పటికే స్మారకంగా సింహం దిబ్బ పోయడానికి గట్టు మట్టిని తవ్వుకుపోయారు కనుక, కొలిచిన నేల కూడా యుద్ధం నాటి నేల కాదు. ఆ తరవాత, బతికున్న అధికారులకు ఉత్తరాలు రాశాడు. ఏడు గంటల వేళ మీ దళం ఏ వరసలో ఉంది? ఎదుట శత్రువు ఎలా నిలిచాడు? మీ ముందున్న చేలో ఏ పంట ఉంది?

ఆ మూడో ప్రశ్న దగ్గర నేను ఆగిపోతాను. చావు ఎదురుగా నిలబడ్డవాణ్ణి ఇరవై ఏళ్లకు పట్టుకుని, అక్కడ ఉన్నది గోధుమా, రై ధాన్యమా అని అడగడం చాదస్తమా, మర్యాదా? నాకు మర్యాదగానే తోస్తుంది. చచ్చినవాణ్ణి లేపలేం. వాడు నిలబడ్డ చోటు విషయంలోనైనా అబద్ధమాడకూడదన్న పట్టుదల అందులో ఉంది. కాకపోతే ఉత్తరాలు వెళ్లింది అధికారులకే. తుపాకీ పట్టుకుని ఆ పైరులో మోకాళ్ల మీద కూర్చున్నవాణ్ణి ఎవరూ అడగలేదు. చాలామందికి చదువు రాదు, నిజమే. పక్కవాడితో రాయించి పంపమని అడగవచ్చు గదా!

అంతకన్నా లోతైన చిక్కు కొలతలోనే ఉంది. నమూనాలో మైలు నేల 9 అడుగులు, అంటే సుమారు 587వ వంతు. ఆ లెక్కన మనిషి ఎత్తు 3 మిల్లీమీటర్లు. బియ్యపు గింజలో సగం. అంత చిన్నవాడికి కోటు రంగు తెలియదు, ఏ దళంవాడో తెలియదు. అందుకని ఎత్తులకు వేరే కొలత పెట్టి మనిషిని సెంటీమీటరుకు పెంచారు. మనిషి పెరిగాడు గాని నేల పెరగలేదు. మరి అందరికీ చోటెక్కడిది? ఒక్కో బొమ్మను ఇద్దరి కింద లెక్కేసుకోమన్నారు.

డయోరమాలు, అంటే ఇలాంటి దృశ్య నమూనాలు, కట్టేవాళ్లకు ఇది మామూలు సర్దుబాటు. యుద్ధక్రీడల బల్ల మీద ఒక బొమ్మ ఇరవై మందికి బదులు నిలుస్తుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు. అయినా ఈ లెక్క నన్ను వదలడం లేదు. ఒకడు కంటికి ఆనాలంటే పక్కవాడు తప్పుకోవాలి. ఎవడా రెండో మనిషి? ఎవరిని అడిగి తప్పించారు?

వాటర్లూలో నెపోలియన్‌కు ఎదురు నిలిచిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌కు ఈ నమూనా నచ్చలేదు. నమూనా అన్నది ఒక్క క్షణాన్నే చూపగలదు, ఇది యుద్ధమంతటినీ ఒకే క్షణంలో కుక్కుతోందన్నది ఆయన అభ్యంతరం. అందులో అహమూ రాజకీయమూ ఉంటే ఉండవచ్చు, పస కూడా ఉంది. పొగలో ఉన్నవాడి ఏడు గంటలూ గట్టు వెనక ఉన్నవాడి ఏడు గంటలూ ఒకటి కావు. అసలు గొడవ ఆయనకు తోడుగా వచ్చిన ప్రష్యన్ సేన గురించి. వాళ్లు ఎంతదాకా వచ్చినట్టు చూపితే గెలుపులో వాళ్ల వాటా అంత పెరుగుతుంది. చివరికి సైబోర్న్ వేలకొద్దీ ప్రష్యన్ బొమ్మలను తీసేశాడు. ఒత్తిడికి లొంగాడా, కొత్త ఆధారాలు చూసి మనసు మార్చుకున్నాడా అన్నదానిమీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ప్రభుత్వం 1833లోనే డబ్బు ఆపేసింది. 1838లో ఈజిప్షియన్ హాల్‌లో తలా ఒక షిల్లింగు ఇచ్చి లక్షమంది దాకా చూసినా ఆయన పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు.

ఇప్పుడు యుద్ధక్రీడల బల్లల మీద ఎక్కువగా కనిపించేవి 28 మిల్లీమీటర్ల బొమ్మలు. 2019లో గ్లాస్గోలో 22,000కు పైగా బొమ్మలతో వాటర్లూను మళ్లీ ఆడారు, వాటర్లూ అన్‌కవర్డ్ అనే సంస్థకు అండగా. యుద్ధాల్లో ఒళ్లూ మనసూ దెబ్బతిన్న మాజీ సైనికులను వెంటబెట్టుకుని అదే పొలాల్లో తవ్వకాలు జరిపే సంస్థ అది. బొమ్మలకు రంగు వేసే పద్ధతి చూస్తే విచిత్రంగా ఉంటుంది. ప్రైమర్ ఆరాక యాభై బొమ్మలు వరసగా పెట్టుకుని అన్నిటికీ కోట్లు, తరవాత అన్నిటికీ బెల్టులు. పల్చటి ముదురు రంగు పూస్తే మడతల్లోకి దిగి నీడవుతుంది. ముఖాల దగ్గరికి వచ్చేసరికి కుంచె నెమ్మదిస్తుంది. కాలరు రంగుకు పుస్తకాల్లో ఆధారం ఉంది, ముక్కుకు లేదు. అక్కడ వేసేవాడే ఒక మనిషిని కల్పించుకోవాలి.

ఆ ఒక్కరోజులో చనిపోయినవారూ గాయపడినవారూ కలిపి 40,000 పైమాటే. వాళ్ల ఎముకలను ఎరువు కోసమో, చక్కెర శుద్ధి కోసమో తవ్వుకుపోయారని పరిశోధకుల అనుమానం. అక్కడ ఇంతవరకు దొరికిన పూర్తి అస్థిపంజరాలను వేళ్ల మీద లెక్కించవచ్చు. బొమ్మలకేమో మ్యూజియంలో అద్దాల పెట్టె.

ఇదంతా యుద్ధానికి పట్టే హారతి అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో బొమ్మ సిపాయిల ఆటకు నియమాలు రాస్తూ, అసలు యుద్ధం కన్నా ఇదెంతో మేలని వాదించాడు. మరుసటి ఏడే అసలుది వచ్చిపడింది. యుద్ధాన్ని ఆపలేదని ఆటను తప్పుపట్టాలా? కవిత్వం మాత్రం ఆపిందా?

వాటర్లూకు 12 ఏళ్ల ముందు, 1803 సెప్టెంబర్ 23న, ఇదే వెల్లింగ్టన్ దక్కనులో అస్సాయే దగ్గర మరాఠా సైన్యాన్ని ఓడించాడు. అప్పటికి ఆయన ఆర్థర్ వెల్లెస్లీ. ఆయన కాల్బలంలో రెండు బ్రిటిష్ రెజిమెంట్లయితే, అయిదు మద్రాసు సిపాయిల బెటాలియన్లు. మద్రాసు సైన్యంలోకి తెలుగు జిల్లాల మనుషులనూ చేర్చుకునేవారు. ఎర్రకోటు తొడిగిన ఆ సిపాయిల బొమ్మలూ ఇప్పుడు అమ్ముతున్నారు. కొని, రంగులేసి, అస్సాయే కట్టదలచినవాడు ఆ సిపాయి ముందు ఏ పంట ఉందో ఎవరి ఉత్తరంలో వెతకాలి? సెప్టెంబరు గదా, జొన్న అయి ఉంటుందిలే అని ఆకుపచ్చ పులిమేయవచ్చు. బల్ల నిండుగా ఉంటుంది. నేనైతే అక్కడ ఏమీ నాటను. ఉత్త నల్లమట్టిగా వదిలేసి, ఇక్కడున్నవాణ్ణి ఎవరూ అడగలేదని పక్కన చీటీ పెడతాను. చూడవచ్చినవాళ్లు పని సగంలో ఆగిందనుకుంటే అనుకోనీ.