ద్రష్ట, దృశ్యం: చిత్రకారిణి కెమెరా ముందు

చూసేవాడు ద్రష్ట, కంటికి గోచరించేది దృశ్యం అని మన వేదాంతులు ఏనాడో వివేచించారు. ఈ వివేచన కళారంగంలో ప్రవేశించినప్పుడు ఒక నైతిక ప్రశ్నగా మారుతుంది. స్వయంగా చిత్రకారిణి అయిన స్త్రీ మరొకరి కెమెరా ముందు కూర్చున్నప్పుడు ఆమె ఇంకా ద్రష్టగానే ఉంటుందా, లేక కేవలం దృశ్యమైపోతుందా? ఆ ఛాయాచిత్రంలో ఆమె పాలు ఎంత?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమృతా షేర్‌గిల్ జీవితం తగిన ఆధారం. 1913లో బుడాపెస్టులో జన్మించి, 1941లో లాహోరులో ఇరవై ఎనిమిదేళ్లకే కన్నుమూసిన అమృతకు కెమెరా బాల్యం నుంచీ పరిచితమే. తండ్రి ఉమ్రావ్ సింగ్ సంస్కృత, పారశీక పండితుడు. ఛాయాగ్రహణం ఆయనకు జీవితకాల వ్యాసంగం. భార్యాబిడ్డలనూ, తననూ ఆయన దశాబ్దాల పాటు ఛాయాచిత్రాలుగా తీశాడు. వాటిలో అమృత ఒకచోట చీరకట్టుతో, ఒకచోట పాశ్చాత్య వేషంతో, మరొకచోట తన చిత్రాల సన్నిధిలో కనిపిస్తుంది.

ఆ ఛాయాచిత్రాలకు కర్తగా తండ్రి పేరే చెప్పుకుంటాం. అది న్యాయమే. కాని తల ఎంత వంచాలి, చూపును కెమెరాకు ఎదురుగా నిలపాలా, పక్కకు మరల్చాలా అనే నిర్ణయంలో కూర్చున్నవారి బుద్ధి కూడా పనిచేస్తుంది. అద్దం ముందు నిలిచి అనేక ఆత్మచిత్రాలు రచించిన అమృతకు, ముఖం ఎక్కడ ముఖంగా ఆగిపోయి చిత్రంగా మొదలవుతుందో తెలుసు. కనుక ఆమె నిశ్చలంగా కూర్చోవడం కూడా ఒక రచనే. అయితే ఇదంతా వయసు వచ్చిన తరువాతి మాట. కన్నతండ్రి కెమెరా ముందు నిలబడిన పసిపిల్లకు కాదనే స్వేచ్ఛ ఎంత ఉంటుంది? ప్రేమ ఉన్నచోట అనుమతి అడగనక్కరలేదని అనుకోవడం సులభం. అది సరైనదేనా అన్నది వేరు విషయం.

శిల్పికి రాయి ఎట్లాగో కళాకారుడికి మోడల్ అట్లాగే అని వాదించేవారున్నారు. కాని రాయి అలసిపోదు. అమృత 1933లో పారిస్‌లో ‘ప్రొఫెషనల్ మోడల్’ అనే చిత్రం వేసింది. అందులో యౌవన సౌందర్యం లేదు. వాలిన దేహం, బతుకు భారం మోసిన అలసట ఉన్నాయి. ఎదుట కూర్చోవడంలోని శ్రమ ఎరిగిన చూపు అది. అయినా ఆ చిత్ర శీర్షికలో ఆ స్త్రీ వృత్తి మాత్రమే నిలిచింది, పేరు నిలవలేదు. రెండు వైపులా ఉండి చూసిన చిత్రకారిణి చేతిలోనే ఇట్లా జరిగిందంటే, ఆ అలవాటు ఎంత లోతైనదో ఊహించవచ్చు.

కథ అక్కడితో ముగియలేదు. అమృత చెల్లెలి కుమారుడు, చిత్రకారుడు వివాన్ సుందరం 2001-02లో తాతగారి ఛాయాచిత్రాలను కంప్యూటర్ సాయంతో కలిపి కొత్త చిత్రాలు రూపొందించాడు. అవి గౌరవంతో చేసిన రచనలు. కాని ఆరు దశాబ్దాల కిందట మరణించిన మనిషిని అడగడానికి వీలులేదు. ఒకసారి ఇచ్చిన రూపం ఎన్ని చేతులు మారుతుందో, ఇచ్చినవారు ఊహించలేరు.

1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి కర్త, దానిని తీసిన వ్యక్తి. ప్రతిఫలం చెల్లించి తీయించుకున్న సందర్భాలలో, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారు తొలి హక్కుదారులవుతారు. కేవలం ఎదుట కూర్చున్నందువల్ల ఎవరికీ ఆ హక్కు రాదు. చట్టం దృష్టిలో ఇది స్పష్టమైన ఏర్పాటే. అయితే చట్టం ముగిసిన చోటనే ధర్మం పని మొదలవుతుంది.

ఆ ధర్మం కష్టసాధ్యమైనది కాదు. తీయడానికి ముందు అడగడం, ఏ ప్రయోజనానికో చెప్పడం, శ్రమకు తగిన వేతనం ఇవ్వడం, సమ్మతి ఉన్నచోట పేరు రాయడం, వద్దన్నచోట గోప్యత పాటించడం: ఇంతే. ప్రదర్శనశాలలు, అకాడమీలు తమ పట్టికలలో చిత్రకారుడి పేరు పక్కన, తెలిసినంతవరకు, ఎదుట కూర్చున్నవారి పేరు కూడా చేర్చడానికి ఒక పంక్తి చాలు. దృశ్యంలోనూ ఒక ద్రష్ట ఉన్నదని ఆ పంక్తి గుర్తుచేస్తుంది.