కుట్టుకు కళ్ళెం

ముగ్గు పెట్టడం వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక సంగతి తెలుసు. పైకి మాత్రం ఎవరూ చెప్పరు. వేళ్ళ మధ్య నుంచి పిండి జారే వేగం ఒకటి, చెయ్యి కదిలే వేగం ఒకటి. రెండింటికీ పొత్తు కుదిరితేనే గీత. చెయ్యి ఆగిందా, పిండి కుప్ప పడుతుంది. చెయ్యి పరుగెత్తిందా, గీత తెగుతుంది. విద్యంతా అంతే. మిగతాది చుక్కల లెక్క.

అరవై రెండేళ్ళు వచ్చాక ఈ పాత పాఠాన్ని నేను మళ్ళీ ఓనమాల నుంచి దిద్దుకోవలసి వచ్చింది. ఈసారి వాకిట్లో కాదు, కుట్టుమిషను ముందు.

మా అమ్మ పోయి ఏడాదయింది. బీరువాలో ఆవిడ నూలు చీరలు ఐదున్నాయి. గద్వాలవి రెండు, నారాయణపేటవి మూడు. కట్టుకోవడానికి పనికిరావు, పారెయ్యడానికి మనసొప్పదు. అలాంటి చీరలకు మన ఇళ్ళలో ఉన్న మోక్షం ఒక్కటే: బొంత. ఆవిడ దబ్బనంతో కుట్టిన బొంతల మీదే మా శాలిబండ ఇంట్లో పిల్లలందరూ పడుకున్నారు, పక్కలు తడిపారు, పెద్దవాళ్ళయ్యారు. ఇప్పుడు అమెరికాలో ఉన్న మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే పాపాయికి అమ్మ చీరలతో చిన్న బొంత కుట్టాలని నిశ్చయించుకున్నాను.

ఫోనులో ఈ మాట చెప్పగానే, "చీరలు పంపించెయ్యమ్మా, ఒక్క మధ్యాహ్నంలో కుట్టి పారేస్తాను" అంది. అంటుంది మరి! దాని దగ్గర లాంగ్ ఆర్మ్ మిషనుంది. బొంతలు కుట్టడానికే పుట్టిన యంత్రం. రెండేళ్ళ కిందట అక్కడికి వెళ్ళినప్పుడు నేనూ చూశాను.

మన ఇళ్ళలో ఉండే మిషనులో గుడ్డ కదులుతుంది, మిషను కదలదు. అక్కడ వ్యవహారమంతా తిరకాసు. మంచమంత పొడుగు చట్రానికి అటూ ఇటూ కర్రలుంటాయి. బొంతను వాటికి చుట్టి బిగిస్తారు. ఇక మిషను తలకాయే పట్టాల మీద ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ తిరుగుతుంది. సైకిలు హ్యాండిల్లాంటి పిడులు రెండు పట్టుకుని మనం దాన్ని నడిపించాలి. గుడ్డ కాగితం, మిషను కలం అన్నమాట.

ఆ కలానికి ఒక కళ్ళెం కూడా ఉంది. దాన్ని స్టిచ్ రెగ్యులేటర్ అంటారు. చెయ్యి ఎంత దూరం జరిగిందో అది క్షణక్షణం కొలుస్తూ ఉంటుంది. చెయ్యి తొందరపడితే సూదిని తొందరపెడుతుంది, చెయ్యి నిదానిస్తే సూదినీ నిదానింపజేస్తుంది. అంగుళానికి పది కుట్లని ఒకసారి చెప్పి పెడితే పదే పడతాయి. ఈ ఉపాయం పాతదే. జేమ్స్ వాట్ 1788లోనే తన ఆవిరి యంత్రానికి తిరిగే ఇనుప గుళ్ళు రెండు తగిలించాడు. యంత్రం జోరెక్కితే గుళ్ళు ఎడంగా లేచి ఆవిరిని తగ్గించేవి, నీరసిస్తే కిందికి వాలి ఆవిరిని పెంచేవి. దాని పేరు గవర్నరు. సోమాజిగూడలో ఉండే గవర్నరుగారికీ దానికీ చుట్టరికం పేరులోనే లెండి.

ఆ రోజు కళ్ళెం ఉన్నంతసేపు నేనూ పనిమంతురాలిలాగే కుట్టాను. మా అమ్మాయి కొంటెగా దాన్ని ఆపేసి, "ఇప్పుడు కుట్టమ్మా" అంది. సూది ఒకే వేగంతో గడగడ కొట్టుకుంటోంది. మలుపు వచ్చిన చోటల్లా జంకి ఆగాను; అక్కడ కుట్లు చీమల్లా గుంపు కట్టాయి. తిన్నని దారి దొరికిన చోట ధైర్యం వచ్చి లాగాను. అక్కడ కుట్లు కప్పగంతులేశాయి. నా లోపలి భయమూ, నా లోపలి తొందరా గుడ్డ మీద అచ్చు పడ్డట్టయింది. సిగ్గేసింది.

ఆ సిగ్గే కాబోలు, ఇప్పుడు పట్టుదలగా మారింది. "అమ్మ చీరల మీద పడే కుట్టు నా చేతిదే కావాలి, యంత్రానిది కాదు" అన్నాను.

అది కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అడిగింది: "బొంత పాపాయి కోసమా అమ్మా, నీ కోసమా?"

జవాబు తోచక ఫోను పెట్టేశాను.

మొగల్‌పురాలో ఒక మాస్టరుగారున్నారు. నలభై ఏళ్ళుగా బురఖాల మీదా, జాకెట్ల మీదా మిషను ఎంబ్రాయిడరీ చేస్తున్న చెయ్యి. కాలితో తొక్కే నల్ల మిషను. గుడ్డను ముందుకు లాగే పళ్ళను కిందికి దించేస్తారు, గుడ్డను నొక్కి పట్టే పాదాన్ని తీసేస్తారు. ఇక గుడ్డకు దిక్కు మన చేతులే. సూది వేగం కాలిది, గుడ్డ వేగం చేతులది. మధ్యవర్తి ఎవరూ లేరు. పొడుగుచెయ్యి లేదు గాని, పరీక్ష మాత్రం అదే.

ఆయన నా చేతికి గుడ్డ ఇవ్వలేదు. సూదిలోంచి దారం తీసేసి, పాత దినపత్రిక ఇచ్చారు. "దీని మీద నడుపుండ్రి అమ్మా." సాయంత్రం ఆ కాగితాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుంటే నా బండారమంతా చుక్కలు చుక్కలుగా బయటపడేది. ఒకచోట చిల్లులన్నీ కలిసిపోయి కాగితం చినిగింది. ఇంకోచోట చిల్లుకూ చిల్లుకూ మధ్య ఒక పెద్దక్షరం పట్టేంత ఖాళీ.

మూడో రోజు నా అవస్థ చూసి నవ్వారు. "హాత్ కు నక్కో, కాన్ కు సిఖావో" అన్నారు. చేతికి కాదు, చెవికి నేర్పమని. "శబ్దం ఒక్కతీరుగ రావాలె. ఆ శబ్దం వినుకుంట గుడ్డ జరపాలె. భయమైతే చెయ్యొక్కటే ఆపొద్దు, కాలు గూడ నిదానం చెయ్యాలె."

ఎనిమిది రోజులు వార్తలన్నింటికీ చిల్లులు పొడిచాక, తొమ్మిదో రోజు దారం ఎక్కించారు. చీరలు మూడు పొరలుగా వేసి బొంత మొదలుపెట్టాను. గద్వాల అంచు చుట్టూ మామిడి పిందెలు కుట్టాలని నా కోరిక. పూర్తయ్యేసరికి అవి వంకాయలయ్యాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మాస్టరుగారు నా వంకాయల వంక చూడనే లేదు. బొంతను తిరగేసి, కుట్టు వెంట బొటనవేలి గోరు నడిపారు. ఒకచోట గోరు తట్టుకుంది. "ఈడ పాప వేలు ఇరుకుతది." ఇంకోచోట గుడ్డను మెల్లగా లాగారు. కుట్లు మరీ దగ్గరగా పడినచోట పాత చీర తపాలా బిళ్ళ అంచులా విడిపోబోయింది. "ఈడ తెగుతది."

"మరి ఈ వంకరలో?" అన్నాను.

"వంకర ఎవ్వరికి గుచ్చదమ్మా."

నేను ఇంటికి వచ్చి చాలాసేపు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. చూశారూ, నేను రెండు రకాల తప్పులు చేశాను. ఒక రకం ఎదుటివాళ్ళ వేలికి తగిలేది. ఇంకో రకం నా పేరుకు మాత్రమే తగిలేది. నేను ఏడ్చింది రెండో దాని గురించి! కప్పగంతుల సంగతి నా దృష్టికే రాలేదు, ఎందుకంటే అవి కనిపించని వైపున ఉన్నాయి.

తమాషా ఏమిటంటే, నేను చిన్నచూపు చూసిన ఆ రెగ్యులేటర్ పట్టించుకునేది సరిగ్గా ఈ మొదటి రకాన్నే. కుట్టు పొడుగును అది కాపలా కాస్తుంది. గీత వంకరను అది ముట్టుకోదు. పిందె వేస్తారో, వంకాయ వేస్తారో మీ ఇష్టం అంటుంది. ఆలోచిస్తే మంచి చట్టం కూడా అలాంటిదే కదా? మదీనా చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు మనం ఎక్కడికి వెళుతున్నామని అడగడు. పక్కవాణ్ణి గుద్దకుండా వెళ్ళమంటాడు. అంతమాత్రపు కళ్ళేనికి తల వంచడం చిన్నతనమని నేనెందుకు అనుకున్నాను? అందులో అమ్మ మీద ప్రేమ కొంత, నా అహంకారం కొంత. పాళ్ళు చెప్పమంటే మాత్రం నాకే సిగ్గు.

అలాగని ఎనిమిది రోజుల కాగితాలూ వృథా అనను. కళ్ళెం అన్నిచోట్లా ఉండదు. ఇంట్లో మన మాటను కొలిచే చక్రాలు ఏ పట్టాల మీదా లేవు. మనం జంకే మనిషి ముందు మాట చీమ కుట్టులా ముడుచుకుపోతుంది. మనకు ఎదురు చెప్పలేని పనిమనిషి ముందు, కోడలి ముందు అదే మాట కప్పగంతులేస్తుంది. ఎవరి వేలు అందులో ఇరుక్కుందో తిరగేసి చూసుకోం. ఇల్లు కట్టీ కట్టీ మేస్త్రీ అయినట్టే, న్యాయంగా నడిచీ నడిచీ మనిషి న్యాయవంతుడవుతాడని అరిస్టాటిల్ అభిప్రాయం. చెవికి నేర్పమన్న మా మాస్టరుగారిదీ ఆ బడే అనుకుంటాను. కళ్ళెం తప్పు పడకుండా ఆపుతుంది, బాగానే ఉంది. కాని తప్పు ఎక్కడ పడుతోందో వినిపించేది కళ్ళెం లేని సాధనలోనే.

రెండు రోజులు కూచుని పొడుగు కుట్లన్నీ విప్పాను. విడిపోబోయిన చోట చీర ముక్క అతికి మళ్ళీ కుట్టాను. గోరు నడిపి చూశాను, తట్టుకోలేదు. వంకాయల జోలికి వెళ్ళలేదు.

బొంత అందిందని మొన్న అమ్మాయి ఫోను చేసింది. "ఇవి మామిడి పిందెలేనా అమ్మా?" అని నవ్వింది. కాసేపాగి, "లోపలి వైపంతా చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా తగల్లేదు" అంది.

అప్పుడు చెప్పాను, ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు: "గీత నా కోసమే. కుట్టు మాత్రం పాపాయి కోసం."