రేపు చూద్దాం సార్

నాన్న ఐసీయూలో చేరిన తొమ్మిదో రోజు, మంగళవారం. డాక్టర్ నన్ను పక్కకి పిలిచి, "పొద్దున అరగంట సొంతంగా ఊపిరి తీసుకున్నారు. ట్యూబ్ ఇవాళ తీసేయొచ్చు. మళ్ళీ వెయ్యాల్సి వచ్చే రిస్కు నూటికి పది పదిహేను ఉంటుంది. రేపటిదాకా ఆగుదామన్నా సరే. మీరేమంటారు?" అన్నారు.

"రేపు చూద్దాం సార్" అన్నాను.

అక్క ఆ రాత్రికి బెంగుళూరు నుంచి వస్తోంది. ఏం జరిగినా అది వచ్చాకే జరగాలనుకున్నాను. నా జాగ్రత్త వెనక ఉన్నదంతా ఇదే. నాన్న ఊపిరితిత్తులకీ దీనికీ సంబంధం లేదు.

బుధవారం జ్వరమొచ్చింది. కొత్త ఇన్‌ఫెక్షన్ అన్నారు. ట్యూబ్ ఇంకో ఆరు రోజులు ఉంది. మంగళవారమే తీసేసి ఉంటే ఆ జ్వరం వచ్చేది కాదా? ఏమో. ట్యూబ్ ఉన్న ప్రతి రోజూ నిమోనియా ప్రమాదం పెరుగుతుందన్నది నిజమే. కానీ నాన్న విషయంలో ఏం జరిగి ఉండేదో తేల్చే దారి లేదు.

ఇంటికొచ్చాక దీని గురించి చదవడం మొదలుపెట్టాను. వెంటిలేటర్ నుంచి తప్పించడాన్ని డాక్టర్లు వీనింగ్ అంటారు. అంటే పాలు మాన్పించడం. వేపాకు రాసి మాన్పించే అమ్మకి కూడా బిడ్డ ఎప్పుడు సిద్ధమో కచ్చితంగా తెలీదు కదా, మాట బాగానే కుదిరింది. 1991లో యాంగ్, టోబిన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక చిన్న లెక్క చెప్పారు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టి, ఒక్కో ఊపిరికి ఎన్ని లీటర్ల గాలి వెళ్తోందో దానితో భాగించాలి. 105 దాటితే అలసిపోతున్న మనిషి, చిన్న చిన్న ఊపిరులతో ఎగపోస్తున్నాడని అర్థం. నిమిషానికి ముప్ఫై సార్లు, ఒక్కోసారి 0.4 లీటర్లు అనుకోండి, 75 వస్తుంది. ప్రయత్నించొచ్చు. ఎనిమిదో తరగతి పిల్లాడు చెయ్యగల భాగాహారం మీద ఒక మనిషి గొంతులో గొట్టం ఉండాలా వద్దా అన్నది ఆధారపడటం నాకు మొదట భయం వేసింది. తర్వాత కొంచెం ధైర్యం కూడా ఇచ్చింది.

1996లో ఈలీ, ఆయన సహచరులు 300 మంది రోగులతో చేసిన అధ్యయనం నన్ను ఇంకా కుదిపింది. సగం మందిని రోజూ పరీక్షించి, సొంతంగా ఊపిరి తీసుకోగలుగుతుంటే ఆ మాట డాక్టర్లకి చెప్పారు. మిగతా సగం మంది విషయం డాక్టర్ల అంచనాకే వదిలేశారు. మొదటివాళ్ళు వెంటిలేటర్ మీద నాలుగున్నర రోజులు, రెండోవాళ్ళు ఆరు రోజులు. తమ చేత్తో తామే ట్యూబ్ పీకేసుకునే రోగుల్లో కూడా దాదాపు సగం మందికి దాన్ని మళ్ళీ వెయ్యాల్సిన అవసరం రాదట. అంటే, వాళ్ళలో చాలామంది అప్పటికే సిద్ధంగా ఉన్నారు. మనమే లేము.

ఎందుకు లేము? తొందరపడి తీసి, అర్ధరాత్రి మళ్ళీ వెయ్యాల్సొస్తే ఆ తప్పుకి టైముంటుంది, కేస్ షీట్ ఉంటుంది, సంతకం ఉంటుంది. ఒక రోజు ఎక్కువ ఉంచితే అది తప్పని ఎవరూ అనరు. జాగ్రత్త అంటారు. డాక్టర్లని నిందించడం తేలికే గానీ వాళ్ళ భయం ఉత్తుత్తిది కాదు. ట్యూబ్ మళ్ళీ వేయించుకున్నవాళ్ళలో మరణాలు ఎక్కువ. అది ట్యూబ్ వల్లా, వాళ్ళు ముందే ఎక్కువ జబ్బుతో ఉండటం వల్లా అన్నది విడదీయడం కష్టం. ఒక్కరికి కూడా మళ్ళీ వెయ్యని ఐసీయూ ఉందంటే, అక్కడ చాలామందిని అవసరం తీరాక కూడా ఉంచుతున్నారన్నమాటే అని కొందరు నిపుణులు వాదిస్తారు. నాకా వాదన నచ్చింది. కానీ నాన్నని ఆ 'మళ్ళీ వేసినవాళ్ళ' లెక్కలో ఊహించుకోగానే నచ్చడం మానేసింది.

ఇప్పుడీ అంచనా కంప్యూటర్లతో కట్టించే ప్రయత్నాలు నడుస్తున్నాయి. మంచిదే. కానీ ట్యూబ్ తీశాక ఏమైందన్నది తీసి చూసినవాళ్ళ దగ్గర్నుంచే అది నేర్చుకోగలదు. తియ్యకుండా ఆగిన రోజున తీసి ఉంటే ఏమయ్యేదో ఏ ఫైల్లోనూ ఉండదు. నా మంగళవారం ఏ డేటాలోకీ ఎక్కలేదు. పోనీ అది నూటికి ఎనభై అని చెప్పిందే అనుకుందాం. ఎనభై చాలా, తొంభై కావాలా? అది లెక్కలో తేలేది కాదు. ఎవరి నష్టాన్ని ఎవరు మోస్తారన్న ప్రశ్న. ఆ రోజు అది నా ముందుకొస్తే నేను అక్క ఫ్లైట్ టైము చూసుకున్నాను.

నాన్ననైతే ఎవరూ అడగలేదు. నిజానికి ఆయన చెప్పారు. సోమవారం సిస్టర్ చేతి కట్టు వదులు చేసి ప్యాడ్ ఇస్తే, వంకర అక్షరాలతో ఒకటే మాట రాశారు: "తియ్". మత్తులో రాశారనుకుని ఆ కాగితాన్ని బిల్లుల ఫైల్లో పెట్టేశాను.

మొన్న ఇన్సూరెన్స్ కాగితాలు వెతుకుతుంటే అది నాన్న కంటపడింది. "ఇది నా రాతేనా? ఏం తియ్యమన్నాన్రా?" అన్నారు. ఆ రోజులేవీ ఆయనకి గుర్తులేవు.

"పైపు నాన్నా."

"తీశారా మరి?"

"తీశారు" అన్నాను. ఎప్పుడని ఆయన అడగలేదు.